ఒకే తారీఖున మూడు నాలుగు దినాలు పడితే బోర్డు మీద ఏం రాయాలి, ఎట్టా రాయాలి

ఆగస్టు 23 పొద్దున్నే సుద్దముక్క పట్టుకోని బోర్డు ముందు నిలబడితే తెలుస్తది ఈ కష్టం. మా ఊరు ఒంగోలుకి బస్సులో ముప్పావుగంట, పంచాయతీ ఆఫీసు పక్కన చిన్న లైబ్రరీ ఉంది, దాని గోడకి ఒక నల్లబోర్డు, దాని మీద రోజూ "ఈరోజు ప్రత్యేకత" అని రాస్తాం, బడికి పోయే పిల్లలు నిలబడి చదువుకోని పోతారు, పేపరు కోసం వచ్చే పెద్దోళ్ళు ముందు బోర్డు చూసి తర్వాతే లోపలికి వస్తారు. ఆ 23న ఏం రాశానంటే, ప్రకాశం పంతులు జయంతి, కింద జాతీయ అంతరిక్ష దినోత్సవం, దాని కింద బానిస వ్యాపారం సంస్మరణ దినం, మూడు లైన్లు, మూడూ ఒకే సైజులో. రోజూ వచ్చే ఒక పెద్దాయన చాలాసేపు చూసి "పంతులు పుట్టిన జిల్లాలో పంతులుకి ఒక్క లైనేనా అబ్బాయ్" అన్నాడు. ఆయన కోపంగా కూడా అనలా, బాధగా అన్నాడు. ఆ రోజునుంచి ఈ పని ఒక పద్ధతిగా చేయడం మొదలుపెట్టా. బడిలో ప్రార్థన టైంలో "నేటి ప్రత్యేకత" చదివించే టీచర్లకి, లైబ్రరీల్లో పనిచేసేవాళ్ళకి, ఊళ్ళో యువజన సంఘం పెట్టుకోని జయంతులు చేసే పిల్లలకి పనికొస్తదని మొత్తం రాస్తున్నా.

ముందు పుస్తకం తయారు చేసుకోండి. ఫోన్లో వెతుక్కుంటే సరిపోదా అంటారేమో, సరిపోదు, ఎందుకో తర్వాత చెప్తా. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కులు రెండు కొనండి. జనవరి నుంచి జూన్ దాకా ఒకదాంట్లో, జూలై నుంచి డిసెంబర్ దాకా ఇంకోదాంట్లో, తారీఖుకి ఒక పేజీ. ఫిబ్రవరి 29ని మర్చిపోకుండా పేజీ ఇస్తే మొదటి పుస్తకానికి 182 పేజీలు, రెండోదానికి 184 పేజీలు అవుతాయి. మిగిలినవి వదిలేయండి, వాటితో పని ఉంది. ఏ సంవత్సరానికైనా ఇదే పుస్తకం, అందుకని వారం పేరు రాయొద్దు, తారీఖు మాత్రమే రాయండి.

ప్రతి పేజీనీ అడ్డంగా గీతలు కొట్టి నాలుగు భాగాలు చేయండి. పుట్టినోళ్ళు, పోయినోళ్ళు, జరిగింది, ప్రకటించింది. ఈ నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. జరిగింది అంటే ఆ రోజు నిజంగా జరిగిన సంగతి, ప్రకటించింది అంటే ఎవరో ఒకళ్ళు కూర్చోని ఈ రోజును ఫలానా దినంగా జరుపుకుందాం అని నిర్ణయించింది. చాలాసార్లు మొదటిదాని వల్లే రెండోది వస్తది. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి మీద దిగింది, అది జరిగింది. దాని గుర్తుగా కేంద్ర ప్రభుత్వం ఆ తారీఖుని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా పెట్టింది, 2024 నుంచి జరుపుతున్నారు, అది ప్రకటించింది. ప్రకటించినవాటి పక్కన ఎవరు ప్రకటించారో తప్పకుండా రాయండి, ఐక్యరాజ్యసమితా, యునెస్కోనా, కేంద్రమా, రాష్ట్రమా, లేకపోతే ఏదైనా కంపెనీ తన సరుకు అమ్ముకోడానికి పెట్టుకున్నదా. చివరి రకం మా బోర్డు మీదికి రాదు. పేరు రాసి పక్కన ఇంటూ కొట్టి పెట్టుకుంటా, మళ్ళీ ఎవరన్నా అడిగితే చూపించడానికి.

ఇప్పుడు కదిలిపోయే పండగల సంగతి. ఉగాది, వినాయక చవితి తిథిని బట్టి వస్తాయి, వాటిని ఏ తారీఖు పేజీలో రాసినా వచ్చే ఏడు తప్పైపోతది. నెల్లూరు బారాషహీద్ దర్గా కాడ స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండగ మొహర్రం నెలలో వస్తది, చాంద్రమానం నెలలు కాబట్టి ఇంగ్లీషు క్యాలెండర్ ప్రకారం ఏటా సుమారు 11 రోజులు ముందుకి జరుగుతా ఉంటది, ఒకప్పుడు చలికాలంలో వచ్చింది ఇంకొన్నేళ్ళకి ఎండాకాలంలో వస్తది. ఇంకో రకం, వారాన్ని బట్టి వచ్చేవి, మే నెల రెండో ఆదివారం అమ్మల దినం, జూన్ మూడో ఆదివారం నాన్నల దినం లాంటివి. ఇవన్నీ వెనక వదిలేసిన పేజీల్లో రాసుకోని, జనవరిలో కొత్త పంచాంగం క్యాలెండర్ రాగానే ఆ ఏటి తారీఖులు పెన్సిల్‌తో సరైన పేజీల్లో ఎక్కించండి, డిసెంబర్ ఆఖర్లో చెరిపేయండి. పెన్ను వాడొద్దు.

తర్వాత సరిచూసుకోవడం, ఇది లేకపోతే మిగతాదంతా దండగ. వాట్సాప్‌లో పొద్దున్నే "నేటి విశేషాలు" అని ఒక పెద్ద మెసేజ్ వస్తది గదా, అందులో పుట్టినరోజూ పోయినరోజూ కలిసిపోయి ఉంటాయి, ఒకే పేరున్న ఇద్దరు మనుషులు ఒకళ్ళైపోతారు, ఎవరో ఒకసారి తప్పు టైప్ చేస్తే ఊళ్ళన్నీ అదే తప్పు చదువుతాయి. ఫోన్ ఒక్కటే సరిపోదు అన్నది ఇందుకే. నేను రెండు చోట్ల ఒకే తారీఖు కనపడితేనే పెన్నుతో రాస్తా, ఆ రెండూ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి కాకూడదు. ఒక పాఠ్యపుస్తకం, ఒక జీవితచరిత్ర, లేకపోతే ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు, ఇట్టా. అప్పటిదాకా పెన్సిలే.

లెక్క వేసి చూసుకోగలిగినవి లెక్క వేయండి. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న మద్రాసులో దీక్ష మొదలుపెట్టారు, డిసెంబర్ 15 రాత్రి పోయారు, 58 రోజులు అని అందరం చెప్తాం. వేళ్ళ మీద లెక్కపెట్టండి. అక్టోబర్‌లో 19 నుంచి 31 దాకా 13 రోజులు, నవంబర్ 30, డిసెంబర్ 15, మొత్తం 58. సరిపోయింది. ఇదే లెక్క మా ఊరి ఏడో తరగతి పిల్లలతో చేయించా, 58 అనేది ఊరికే అంకెగా ఉన్నప్పుడు ఏం అనిపించలా వాళ్ళకి, ఒక్కో రోజూ లెక్కపెడతా నవంబర్ నెల మొత్తం దాటేసరికి ఒక పిల్ల "అన్ని రోజులు అన్నం తినలేదా సార్" అని అడిగింది. బోర్డు రాసేది ఆ ప్రశ్న కోసమే. ఆయన పుట్టింది మద్రాసులో అయినా పెద్దల ఊరు కనిగిరి దగ్గర పడమటిపల్లె, మన వైపు మనిషే, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి దళితుల్ని రానివ్వాలని 1946లో దీక్ష చేసిన మనిషి, ఆ సంగతి డిసెంబర్ 15న ఎవరూ గుర్తు చేయరు, మీరు రాయండి.

ఇంకో చిక్కు. పాతకాలం మనుషులకి బడిలో రాయించిన పుట్టినరోజు వేరు, నిజంగా పుట్టిన రోజు వేరు ఉంటది, మన ఇళ్ళల్లో తాతయ్యలకి కూడా అంతే గదా. అట్టాంటప్పుడు ఏ రోజు జరుపుతున్నారో ఆ రోజు పేజీలో రాసి, పక్కన "జరిపే రోజు" అని చిన్నగా పెట్టుకుంటే చాలు.

ఇంక అసలు సంగతి, ఎంచుకోవడం. ఒక తారీఖు పేజీలో ఐదారు చేరినాక బోర్డు మీద పెద్దది ఏది? నేను మూడు ప్రశ్నలు వేసుకుంటా. ఇది మనదేనా, అంటే మన జిల్లాకి, మన భాషకి, మన మనుషులకి సంబంధం ఉందా. ఇవాళ ఊళ్ళో ఎవరికన్నా ఇది తగులుతదా. దీన్ని చదివినోళ్ళు చేయగలిగిన పని ఏమన్నా ఉందా. మూడింట్లో రెండిటికి అవును వస్తే అదే పెద్దది. మిగతావి వదిలేయమని కాదు, వాటికి చోటు తక్కువ, అంతే.

ఆగస్టు 23నే తీసుకోండి. టంగుటూరి ప్రకాశం పంతులు 1872లో ఈ తారీఖున ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి సాకింది. అక్కణ్ణించి బారిస్టరై, 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకి ఛాతీ చూపించి, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. మన జిల్లా పేరే ఆయన పేరు. బోర్డులో సగం పైన ఆయనకే, ఇందులో రెండో ఆలోచన లేదు. ఇప్పుడు నేను రాసేటప్పుడు ఆయన పదవుల కంటే ఆ పూటకూళ్ళ ఇంటి సంగతే ముందు రాస్తా, ఎందుకంటే మా ఊళ్ళో హోటల్ పెట్టుకోని పిల్లల్ని చదివించే ఆడోళ్ళు ఉన్నారు, వాళ్ళ పిల్లలు ఈ బోర్డు చదువుతారు. కింద భాగంలో చంద్రయాన్, అది కూడా మనకి దూరందేం కాదు, పులికాట్ పక్కనున్న శ్రీహరికోట నుంచే 2023 జూలై 14న పైకి లేచింది. ఇంక బానిస వ్యాపారం సంస్మరణ దినం, 1791లో ఆగస్టు 22 రాత్రి తెల్లారితే 23 అనగా ఇప్పటి హైతీలో బానిసలు తిరగబడ్డారు, అందుకని యునెస్కో ఆ రోజు పెట్టింది. దీన్ని నేను ఒక్క లైన్లో రాసి ఊరుకుంటుండేవాణ్ణి, ఇప్పుడు బోర్డు మీద కాకుండా లోపల టేబుల్ మీద ఒక తెల్లకాగితం మీద పూర్తి కథ రాసి పెడుతున్నా, కావాల్సినోళ్ళు కూర్చోని చదువుకుంటారు. అంత పెద్ద బాధని ఒక లైన్లో కుక్కడం కంటే అదే మేలు.

ఒకే తారీఖున ఉన్నాయి కదా అని అన్నిటికీ ముడి పెట్టాలని చూడొద్దు. ఉపన్యాసాల్లో ఈ తప్పు ఎక్కువ జరుగుతది. ఆగస్టు 29 చూడండి, గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టిన రోజు కాబట్టి తెలుగు భాషా దినోత్సవం, హాకీ ధ్యాన్‌చంద్ 1905లో పుట్టిన రోజు కాబట్టి జాతీయ క్రీడా దినోత్సవం, 1991లో కజకిస్తాన్‌లో సెమిపలాటిన్స్క్ అణుపరీక్షల కేంద్రాన్ని మూసేసిన రోజు కాబట్టి అణుపరీక్షల వ్యతిరేక దినం. అంతకుముందు 1949లో సోవియట్ వాళ్ళ మొదటి అణుపరీక్ష జరిగింది కూడా అదే చోట, ఇదే తారీఖున. ఈ చివరి రెండిటికీ నిజంగా సంబంధం ఉంది. కానీ గిడుగు వారికీ ధ్యాన్‌చంద్‌కీ ఏం సంబంధం, ఏమీ లేదు. "ఒకరు భాషలో ఆడారు ఒకరు మైదానంలో ఆడారు" అని ఒకాయన మైకులో అనంగా విన్నా, అది ఇద్దరికీ అన్యాయమే. పొద్దున ప్రార్థనలో భాష, సాయంత్రం గ్రౌండ్‌లో ఆటలు, అట్టా టైం విడగొడితే ఇద్దరికీ మర్యాదగా ఉంటది. గిడుగు వారి రోజున మాత్రం పిల్లల చేత వాళ్ళ ఇంట్లో మాట్లాడే మాటల్లోనే ఒక పేరా రాయించండి, "యాడికి పోతుండావ్" అనే మాటని టీచర్ దిద్దకుండా ఉండాలి ఆ ఒక్కరోజైనా. వాడుక భాష కోసం పోరాడిన మనిషికి గ్రాంథికంలో ఉపన్యాసం ఇస్తే ఏం బాగుంటది.

ముడి నిజంగా ఉన్నప్పుడు మాత్రం వదలొద్దు. జనవరి 30 గాంధీ గారు పోయిన రోజు, అమరవీరుల సంస్మరణ దినం, మన దేశంలో కుష్టువ్యాధి నివారణ గురించి చెప్పే రోజు కూడా అదే. ఆ రెండూ ఊరికే కలవలా, సేవాగ్రామ్‌లో పర్చూరే శాస్త్రి అనే కుష్టురోగిని గాంధీ గారు స్వయంగా చూసుకున్నారు. ఇంకో రకం ఏప్రిల్ 7. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు కాబట్టి ప్రపంచ ఆరోగ్య దినం, మన నెల్లూరు పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని గాంధీ గారు 1921లో ప్రారంభించింది కూడా అదే తారీఖు. ఇది కాకతాళీయమే, కానీ శుభ్రత గురించి జీవితమంతా చెప్పిన మనిషి కాబట్టి రెండూ ఒక చోట రాస్తే అతుకు పెట్టినట్టు ఉండదు. కాకతాళీయం అయితే కాకతాళీయం అనే రాయండి, పిల్లలకి అది కూడా తెలియాలి.

అక్టోబర్ 2 గురించి ఒక మాట. లాల్ బహదూర్ శాస్త్రి గారిది కూడా అదే తారీఖు, 1904. చాలా చోట్ల గాంధీ ఫొటో పక్కన చిన్న ఫొటో పెట్టి ఒకే దండని సర్దేస్తారు. ఈ తారీఖుకి మాత్రం మూడు ప్రశ్నల లెక్క వేయను నేను, బోర్డుని నిలువుగా సగం చేస్తా, సగం ఆయనకి సగం ఈయనకి. జై జవాన్ జై కిసాన్ అన్న మనిషికి పొగాకు, మిరప, శనగ పండించే ఊళ్ళో సగం బోర్డు ఎక్కువేం కాదు.

మాటల దగ్గర చాలా జాగ్రత్త. జయంతి అంటే పుట్టినరోజు, వర్ధంతి అంటే పోయినరోజు, ఇది తెలిసిన టీచర్లు కూడా తొందరలో మార్చేస్తారు. దినం, దినోత్సవం ఒకటి కాదు. ఉత్సవం అన్న మాట ఉంది అందులో. అమరవీరులది, బానిసలది, అణుపరీక్షలది దినం అనే రాయాలి, దినోత్సవం కాదు. "శుభాకాంక్షలు" కూడా అంతే. ఒక బడిలో డిసెంబర్ 15న గేటు కాడ "పొట్టి శ్రీరాములు వర్ధంతి శుభాకాంక్షలు" అని బ్యానర్ కట్టారు, ప్రింట్ చేసినోడికి పోయిన నెల బ్యానర్ మీద పేరు మార్చడమే తెలుసు, కట్టినోళ్ళు చదవలా. మధ్యాహ్నానికి తీయించాం గానీ అప్పటికే పిల్లలందరూ చదివారు. ప్రింట్‌కి ఇచ్చేముందు ఒకసారి గట్టిగా పైకి చదవండి, కంటికి కనపడని తప్పు చెవికి తగులుతది.

దుఃఖం సంతోషం ఒకే రోజు పడ్డప్పుడు దుఃఖం పైన రాయండి, సంతోషం కింద. మే 20 ప్రకాశం పంతులు 1957లో పోయిన రోజు. అదే రోజు ప్రపంచ తేనెటీగల దినం, తూనికలు కొలతల దినం కూడా, 1875లో పారిస్‌లో మీటర్ ఒప్పందం మీద సంతకాలు పెట్టిన తారీఖు అది. పైన పంతులు, గీత కొట్టి కింద తూకాల సంగతి. ఆ రోజు ఒకసారి బజారులో కాటా మీద ముద్ర ఎక్కడుంటదో చూసుకోమని రాస్తే నలుగురైదుగురు నిజంగా చూసుకోని వచ్చి చెప్పారు. ఎండాకాలం సెలవులు కాబట్టి పిల్లలు ఉండరు, పెద్దోళ్ళకి పనికొచ్చేది రాయడమే మంచిది.

బోర్డు మీద ఎంత రాయాలంటే, సైకిల్ దిగకుండా చదివేంత. మాది నాలుగడుగుల బోర్డు, పది లైన్లు దాటితే ఎవరూ చదవరు. పైన తారీఖు, పెద్దదానికి ఆరు లైన్లు, గీత, మిగతావాటికి మూడు. ఏడాది అంకెల్లో రాయండి, అక్షరాల్లో రాస్తే చోటంతా పోతది. రాత్రే రాసి పెట్టుకుంటే మంచు కాలంలో తడికి చెరిగిపోతది, పొద్దున్నే రాయండి. బోర్డుని తడిగుడ్డతో తుడిచి ఆరినాక రాస్తేనే అక్షరం నిలబడతది.

బడిలో అయితే ఇంకోటి చేయొచ్చు. ఇన్ని దినాలు ఒకే తారీఖున ఎందుకు పడతాయి సార్ అని పిల్లలు అడుగుతారు. ఉండేదే 366 తారీఖులు, పుట్టినోళ్ళు పోయినోళ్ళు ప్రకటనలు వేలు, పడక ఏం చేస్తాయి అని చెప్పొచ్చు, కానీ చూపిస్తే బాగా ఎక్కుతది. క్లాసులో 23 మంది ఉంటే వాళ్ళల్లో కనీసం ఇద్దరిది ఒకే పుట్టినరోజు అయ్యే అవకాశం సగం కంటే కొంచెం ఎక్కువ, 40 మంది ఉంటే నూటికి సుమారు 89. నమ్మరు. అందరి పుట్టినరోజులూ బోర్డు మీద రాయించండి, మా ఊళ్ళో ఎనిమిదో తరగతిలో ముప్పైకి పైన ఉంటే రెండు జతలు వచ్చాయి. ఒక చిన్న సంగతి, ఎవరి పుట్టినరోజన్నా పుస్తకంలో ఉంటే ఆ రోజు బోర్డు కింద మూలలో ఆ పిల్ల పేరు కూడా రాస్తా. ధ్యాన్‌చంద్ పేరు కింద తన పేరు చూసుకున్న పిల్ల ఆ తారీఖుని జన్మలో మర్చిపోదు.

పుస్తకం వెనక పేజీల్లో ఇంకొకటి పెట్టుకోండి, తారీఖు తెలియని మనుషులకి. నెల్లూరు తిక్కన గారు ఏ రోజు పుట్టారో ఎవరికీ తెలియదు, 13వ శతాబ్దం అని మాత్రమే చెప్పగలం. గుడ్లూరు ఎర్రన గారిదీ అంతే, 14వ శతాబ్దం అని మాత్రమే తెలుసు. భారతంలో పదిహేను పర్వాలు రాసిన తిక్కన గారు మన నెల్లూరాయన, తారీఖు లేదని బోర్డు మీదికి రాకుండా పోతే ఎట్టా. అట్టాగని వాళ్ళకి ఒక పుట్టినరోజు కల్పించొద్దు, రాస్తే రేపు అదే నిజమైపోతది. పుస్తకంలో ఏమీ దొరకని ఖాళీ తారీఖులు ఏడాదికి ముప్పై నలభై వస్తాయి, ఆ రోజుల్లో "ఈరోజు ప్రత్యేకత" బదులు "మన మనిషి" అని పైన పెట్టి తిక్కన గారి పద్యం ఒకటి రాస్తున్నా.

సాయంత్రం బోర్డు తుడిచేముందు ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ రోజు ఎవరన్నా ఏదన్నా అడిగితే, తప్పు ఉందని చెప్తే, ఆ పేజీ అడుగున తారీఖు వేసి పెన్సిల్‌తో రాయండి. మా ఆగస్టు 23 పేజీ అడుగున ఆ పెద్దాయన అన్న మాట ఉంది, దాని కింద పోయిన ఏడు ఒక పిల్లోడు అడిగింది ఉంది, పూటకూళ్ళు అంటే ఏంది సార్ అని. ఈసారి ఆ మాటకి అర్థం కూడా బోర్డు మీద రాయాలి.